హాఫ్‌టైమ్‌లో మోగిన సైరన్

సౌదీలో నాకు దొరికిన మొదటి పని గడ్డి పెంచడం. సెలవుకు వచ్చినప్పుడు ఊళ్ళో ఈ మాట చెబితే, ఎడారిలో గడ్డేమిటని నవ్వారు. తూర్పు ప్రాంతంలో, సముద్రానికి కాస్త లోపలగా, ఒక సైనిక కళాశాల ఉండేది. అక్కడ అధికారులు కావడానికి చదువుకునే కుర్రాళ్ళు ఫుట్‌బాల్ ఆడే మైదానం అది. పొద్దునా సాయంత్రం నీళ్ళు పెట్టాలి, పెరిగిన గడ్డి కత్తిరించాలి, ఎండిన చోట కొత్త పిలకలు నాటాలి. మ్యాచ్ ఉన్న రోజు సున్నంతో గీతలు గీయాలి, గోల్ స్తంభాలకు వలలు కట్టాలి. ఈ పనులకు ఇద్దరం ఉండేవాళ్ళం. నేనూ, జగిత్యాల దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక అన్నా.

అన్న నాకంటే చాలా పెద్ద. ఆయన వచ్చిన కొత్తలో ఆ మైదానం ఉత్త ఇసుకేనట. అరబ్బీ ధారాళంగా మాట్లాడేవాడు. ఎండలో ఎన్నిసార్లు నీళ్ళు తాగాలో, అధికారి కారు వస్తే ఎంత దూరంలో నిలబడాలో, సెలవు అడగాలంటే మమ్మల్ని పనికి తెచ్చిన యజమాని, కఫీల్, మనిషి దగ్గరికి ఏ పూట వెళ్ళాలో నాకు నేర్పింది ఆయనే. ఆయనకు భయం ఎక్కువ. ఉరిమితే చేతిలో బకెట్ వదిలేసి షెడ్డులోకి పరుగెత్తేవాడు. పోలీసు జీపు కనబడితే నివాస అనుమతి పత్రం, ఇఖామా, జేబులోనే ఉన్నా నాలుగుసార్లు తడుముకునేవాడు. బ్యారక్‌లో అందరూ దీన్ని పట్టుకుని ఆయన్ని ఏడిపించేవారు. నేనూ నవ్వేవాణ్ణి.

మా ఊళ్ళో మేం కబడ్డీ, వాలీబాల్ ఆడాం గాని ఫుట్‌బాల్ నాకు తెలియదు. గీత ఎందుకు గీస్తున్నానో తెలియకుండానే మొదటి ఏడాది గీశాను. చూస్తూ చూస్తూ ఆట పట్టుబడింది. చలికాలం వచ్చిందంటే సీజన్ మొదలైనట్టే. గురువారం మధ్యాహ్నాలు వేరే సైనిక కళాశాలల జట్లు బస్సుల్లో వచ్చేవి. మా జట్టు కోచ్ సూడాన్ మనిషి. తాటిచెట్టంత పొడుగు, నెమ్మదైన గొంతు. ఆయన్ని అందరూ కెప్టెన్ అనేవారు. గోల్‌కీపర్ ఒక బక్కపల్చని కేడెట్. ఇంట్లో డ్రైవరు దగ్గర నేర్చుకున్న నాలుగు ఉర్దూ ముక్కలతో నాతో మాట్లాడేవాడు. గోల్ ముందు నేల ఎగుడుదిగుడుగా ఉందని రోజూ ఫిర్యాదు. నేను రోజూ చదును చేసేవాణ్ణి. అలా ఒక స్నేహం లాంటిది కుదిరింది.

1990 ఆగస్టులో ఒక పొద్దున నేను పైపు చుట్టుకుంటుంటే అన్న వచ్చి పక్కన నిలబడ్డాడు. ముఖంలో నెత్తురు లేదు.

"తమ్మీ, కువైట్ వోయిందంట."

"యాడికి వోయింది?" అన్నాను, అర్థం కాక.

"యాడికి వోవుడేంది. ఇరాకోడు గుంజుకున్నడంట. రోడ్డు మీదికి వొయ్యి సూడు."

కళాశాల గోడ అవతల ఉత్తరం నుంచి వచ్చే పెద్ద రోడ్డు ఉంది. వెళ్ళి చూశాను. కార్ల వెంట కార్లు. పైన పరుపులు, సూట్‌కేసులు, ఒక కారు మీద పిల్లల సైకిలు. అద్దాల వెనక ఆడవాళ్ళు, పిల్లలు. ఎవరూ హారన్ కొట్టడం లేదు. అన్ని కార్లు అంత మౌనంగా పోవడం నేను అంతకు ముందు చూడలేదు.

ఆ రోజు నుంచి అన్నకు ఒకటే ధ్యాస. రాబిగ్‌లో ఆయన బావమరిది ఉన్నాడు. అది ఎర్ర సముద్రం వైపు, దేశానికి ఆ కొసన. "గాడి దాక మిసైల్ రాదంట," అనేవాడు. "గా దిక్కు షరఫియా బజార్ల మనోళ్ళు దుకాన్లు తెర్సుకోని కూసున్నరంట, ఏం లేనట్టే. మనం గిక్కడ సావాన్నా?" కాని కఫీల్ వదలందే కళాశాల గేటు దాటి ఇంకో ఊళ్ళో పని చేయలేం. ఇంటికి పోదామంటే ఎగ్జిట్ ముద్ర పడాలి. ఆ ముద్రలు వేసే ఆఫీసు ముందు అప్పటికే జనం బారులు తీరారు. అన్న వెళ్ళాడు, వచ్చాడు, మళ్ళీ వెళ్ళాడు. "జంగ్ అయినంక రమ్మన్నరు," అని చెప్పి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

శీతాకాలం వచ్చింది. యుద్ధం వస్తుందా రాదా అని రేడియో దగ్గర అందరూ మాట్లాడుకుంటుండగానే ఫుట్‌బాల్ సీజన్ మొదలైంది. కేడెట్లకు నడుముకు కట్టుకునే ఖాకీ సంచులు ఇచ్చారు. అందులో గ్యాస్ మాస్కులు. ఆడేటప్పుడు వాటిని తీసి టచ్‌లైన్ వెంట వరసగా పెట్టేవారు. తెల్లటి గీత పక్కన ఆ సంచుల వరస చూస్తుంటే ఆట మీద మనసు నిలిచేది కాదు. మా బ్యారక్‌కు మాస్కులు రాలేదు. వస్తాయన్నారు. అప్పటిదాకా తువ్వాలు తడిపి ముక్కుకు కట్టుకోమన్నారు. మేం కిటికీలకు ప్లాస్టిక్ కవర్లు అంటించి, అంచుల వెంట టేపు వేశాం. గదిలో గాలి ఆడేది కాదు. అన్న తన తువ్వాలును నీళ్ళ బకెట్లో నానబెట్టి తలగడ పక్కనే పెట్టుకునేవాడు.

జనవరిలో యుద్ధం మొదలైంది. ఆ రాత్రుల సంగతి ఎక్కువ రాయలేను. సైరన్ మోగేది, తడి తువ్వాలు ముఖానికి అదుముకుని కూర్చునేవాళ్ళం, దూరంగా ఆకాశం పగిలినట్టు చప్పుడయ్యేది, మళ్ళీ సైరన్ మోగి అయిపోయిందని చెప్పేది. తెల్లారితే ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా పనికి పోయేవాళ్ళం. గడ్డికి యుద్ధం సంగతి తెలియదు కదా. అది ఎప్పటిలాగే పెరిగేది.

మ్యాచ్‌లు ఆపేశారు. కాని కొన్నాళ్ళకే కళాశాల పెద్ద అధికారి మిగిలినవి ఆడాల్సిందేనని చెప్పాడట. ఆ మాట మాకు చెప్పింది కోచ్. "పిల్లలు భయపడుతున్నారు," అన్నాడు నెమ్మదిగా. "గదుల్లో కూర్చుంటే ఇంకా భయపడతారు. ఆడితే కాసేపు మరిచిపోతారని ఆయన ఆలోచన." ఆ ఆలోచన కోచ్‌కు నచ్చిందో లేదో ఆయన ముఖంలో తెలియలేదు. మిసైళ్ళు చీకటి పడ్డాకే వస్తున్నాయి కాబట్టి మధ్యాహ్నం ఆడి, సూర్యుడు దిగేలోపు ముగించేయాలన్నారు.

మ్యాచ్ రోజు పొద్దుటి నుంచీ గాలి. ఉత్తరం నుంచి వచ్చే ఆ చలిగాలికి ఇసుక లేస్తుంది. నేను గీతలు గీస్తుంటే సున్నం సగం గడ్డి మీద పడేది, సగం గాల్లో కలిసేది. అన్న గోల్ వలలు కట్టి, ఇక మైదానంలో ఉండలేనని పంపు షెడ్డు దగ్గరికి వెళ్ళిపోయాడు. అవతలి కళాశాల బస్సు వచ్చింది. వాళ్ళ జట్టులోనూ సగం మంది కొత్తవాళ్ళే. పెద్ద తరగతి వాళ్ళకు చదువు ముగియకముందే ర్యాంకులిచ్చి సరిహద్దుకు పంపేశారు. చప్పట్లు కొట్టేవాళ్ళు తక్కువ. మొదటి సగంలో ఎవరికీ గోల్ పడలేదు. బంతి కంటే ఎక్కువగా ఆకాశాన్నే చూస్తున్నారు కుర్రాళ్ళు.

హాఫ్‌టైమ్‌లో కోచ్ నన్ను పిలిచాడు. మా గోల్ ముందు గీత బూట్ల కింద పడి చెరిగిపోయింది. మళ్ళీ గీయమన్నాడు. సున్నం బండి చక్రం పొద్దున్నే ఇరుక్కుపోవడంతో బకెట్ పట్టుకునే వెళ్ళాను. గోల్‌కీపర్ అక్కడే స్తంభానికి ఆనుకుని నీళ్ళు తాగుతున్నాడు. నన్ను చూసి నవ్వి, ఉర్దూలో, "సీధా డాల్నా," అన్నాడు. వంకర లేకుండా గీయమని. నేను వంగి, పిడికిలితో సున్నం తీసి చల్లడం మొదలుపెట్టాను.

అప్పుడు సైరన్ మోగింది.

పట్టపగలు ఆ చప్పుడు వినడం అదే మొదటిసారి. రాత్రి మోగితే కనీసం గోడలు ఉంటాయి. ఇక్కడ చుట్టూ ఖాళీ మైదానం, పైన తెల్లటి ఎండ. నేను పరుగెత్తబోయాను. బకెట్ కాలికి అడ్డం వచ్చింది. బోర్లా పడ్డాను, బకెట్ నా ముందు తిరగబడింది. అదే క్షణంలో గాలి ఒక విసురు విసిరింది. సున్నమంతా మేఘంలా లేచి నా ముఖం మీదికి వచ్చింది.

మొదట ఏమీ కనిపించలేదు. తర్వాత కళ్ళలో నిప్పులు పోసినట్టయింది. నోట్లో, ముక్కులో, గొంతులో మంట. దగ్గరలోనే ఎవరో అరిచారు: "గాజ్, గాజ్." అరబ్బీలో గ్యాస్‌ను అలాగే అంటారు. ఆ మాట ఒకరి నుంచి ఒకరికి మైదానమంతా పాకింది. బూట్ల చప్పుడు నన్ను దాటి పోయింది. నేను పట్టుకున్నది సున్నమేనని, పడింది నా బకెట్టేనని నాకు తెలిసి ఉండాలి. ఆ సమయంలో తెలియలేదు. గ్యాస్ వచ్చిందన్నారు, నా కళ్ళు కాలిపోతున్నాయి, కాబట్టి గ్యాస్ వచ్చింది. ఇక చావేననుకున్నాను. అమ్మను పిలిచాను. లేచే ప్రయత్నం చేయకుండా నేలమీదే దొర్లుతూ అరిచాను.

కళ్ళు తెరిచిన ఒకటి రెండు క్షణాల్లో మసకగా కనిపించింది ఇదీ: టచ్‌లైన్ దగ్గర ఫుట్‌బాల్ బట్టల్లో, రంగు రంగుల చొక్కాల్లో, తలలకు నల్లటి మాస్కులతో కుర్రాళ్ళు. పెద్ద పెద్ద గాజు కళ్ళతో నన్నే చూస్తున్నారు. ఒక్కరూ కదలడం లేదు. కాపలా సైనికులు తుపాకులు నా వైపు పెట్టి, దూరంగా ఉండమని ఎవరికో సైగ చేస్తున్నారు.

అప్పుడు నా ముఖం మీద చల్లటి నీళ్ళు పడ్డాయి. ధారగా, గట్టిగా.

"కండ్లు మూయకు తమ్మీ. తెర్వు. తెర్వురా."

అన్న గొంతు. పంపు షెడ్డు నుంచి గడ్డికి పెట్టే పైపు లాక్కుంటూ వచ్చాడు. ఆయన ముఖానికి తువ్వాలు కూడా లేదు. ఒక చేత్తో నా రెప్పలు విడదీసి, రెండో చేత్తో నీళ్ళు కొడుతున్నాడు.

"అన్నా, నువ్వు పో. గ్యాస్ అంట. నువ్వు పో," అన్నాను.

"మాట్లాడకు. నోట్లకు నీళ్ళు వోతయ్."

సైనికులు అరబ్బీలో అరుస్తున్నారు, నన్ను వదిలి దూరంగా రమ్మని. జీపు చూస్తే జేబు తడుముకునే మనిషి, ఆ తుపాకుల వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. నీళ్ళు కొడుతూనే ఉన్నాడు. ఆ చలిగాలిలో ఇద్దరం నిలువునా తడిసిపోయాం. నా పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. ఎంతసేపు అలా గడిచిందో చెప్పలేను. ప్రమాదం లేదని చెప్పే సైరన్ మోగింది. అయినా మా దగ్గరికి ఎవరూ రాలేదు.

చివరికి వచ్చింది కోచ్. మాస్కు తీసేసి, చేతిలో పట్టుకుని, మైదానం మధ్యగా నడుచుకుంటూ వచ్చాడట. అన్న తర్వాత చెప్పాడు. తిరగబడిన బకెట్ దగ్గర వంగి, పిడికెడు సున్నం తీసుకుని, తన నల్లటి ముంజేతికి రుద్దుకుని, ఆ చెయ్యి పైకెత్తి అందరికీ చూపించాడట. "ఇది జీర్. గీతలు గీసే జీర్. నేనే గీయమన్నాను," అని ఆయన అరవడం మాత్రం నేనూ విన్నాను. అంత నెమ్మదైన మనిషి గొంతు అలా చీలిపోవడం మళ్ళీ ఎప్పుడూ వినలేదు.

అంతటితో అయిపోలేదు. ఒక అధికారి వచ్చాడు. బూట్లు నా తల దగ్గర ఆగాయి. "వేష్ హాదా?" అని అడిగాడు. ఇదేమిటి అని. సున్నాన్ని అరబ్బీలో జీర్ అంటారని నాకు తెలుసు, అప్పుడే కోచ్ నోట విన్నాను కూడా. కాని నోటికి రాలేదు. "చూనా, చూనా," అంటున్నాను ఉర్దూలో. ఆయన మళ్ళీ అడిగాడు. సైరన్ మోగిన సమయానికే తెల్లపొడి ఎందుకు ఎగిరిందని, నాకు ఎవరు ఇచ్చారని. కోచ్ ఏదో చెబుతున్నాడు, అధికారి ఆయన్ని ఆపుతున్నాడు. చివరికి నన్ను ఆసుపత్రికి పంపమన్నారు. అన్నను మాత్రం ఒక జీపులో ఎక్కించారు. "ఏం గాదు తమ్మీ," అని ఆయన గొంతు దూరమవుతూ వినిపించింది. ఏమీ కాదని ఆయన నమ్మడం లేదని ఆ గొంతులోనే తెలిసింది.

ఆసుపత్రిలో కళ్ళు మళ్ళీ కడిగారు. మందు వేసి, రెండు కళ్ళకూ కట్లు కట్టారు. ఆ చీకట్లో నాకు మిగిలింది చెవులు మాత్రమే. చక్రాల బల్లలు తోసే చప్పుడు, తెలియని భాషలు. అన్నను ఏం చేశారో తెలియదు. నన్ను ఏం చేస్తారో తెలియదు. చూపు తిరిగి వస్తుందా అని అడగాలంటే ఏ భాషలో అడగాలో తెలియదు. నాలో నేనే ఏదో గొణుక్కుంటున్నాను కాబోలు, ఒక ఆడమనిషి గొంతు నా మంచం పక్కన ఆగింది.

"తెలుగువారా మీరు?"

ఆ మాట వినగానే నాకు దుఃఖం ఆగలేదు.

"ఏడవకండి. కన్నీళ్ళొస్తే కట్టు తడుస్తుంది," అందామె. కళ్ళ డాక్టరు. తెనాలి వైపు మనిషి. మర్యాదగా, కాస్త వేగంగా మాట్లాడేది. "సున్నం పడింది కదండీ, పైపొర కాలింది. వెంటనే నీళ్ళు కొట్టింది ఎవరో గాని మీకు మంచి పని చేశారు. లేకపోతే నేను ఈ మాట చెప్పేదాన్ని కాదు."

"మా అన్న, మేడం. ఆయనను పట్టుకపోయిన్రు. యాడున్నడో తెల్వది."

"కనుక్కుంటాను. మీరు కదలకుండా పడుకోండి."

ఆమె వెళ్ళిన కొద్దిసేపటికే, సాయంత్రం భోజనం పెట్టే వేళకు, సైరన్ మోగింది. చూపు లేకుండా ఆ చప్పుడు వినడం గురించి చెప్పాలని చాలాసార్లు ప్రయత్నించాను. ఎటు నుంచి వస్తుందో తెలియదు. అన్ని వైపుల నుంచీ వస్తుంది. పక్క మంచాల దగ్గర పరుగులు, ఏదో స్టీలు గిన్నె కిందపడి చాలాసేపు తిరిగిన చప్పుడు. నా తల ఎవరో ఎత్తారు. రబ్బరు వాసన. ముఖం మీద ఏదో బిగించారు. అది మాస్కు అని తెలిసేలోపే ఊపిరి ఆడలేదు. కట్ల మీద అది అదుముకుంటుంటే కళ్ళు మళ్ళీ భగ్గుమన్నాయి. దాన్ని పీకేయబోయాను. ఒక చెయ్యి నా మణికట్టు పట్టుకుంది. గరగరమనే గొంతు, మనిషిదో యంత్రానిదో తెలియనిది, ఏదో అంటోంది. నాకు వెర్రెత్తినట్టయింది. కాళ్ళతో తన్నాను.

"నేనేనండీ. డాక్టర్ని. మాస్కులో నుంచి మాట్లాడుతున్నాను. మెల్లగా పీల్చండి. నాతోపాటు పీల్చండి."

ఆమె గాలి పీల్చే శబ్దం, వదిలే శబ్దం వినిపించాయి. దాని వెనకే నేనూ పీల్చాను. ఎక్కడో పెద్ద చప్పుడు. కిటికీ అద్దాలు గలగలలాడాయి. నా మణికట్టు మీద ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి. అప్పుడే నాకు అర్థమైంది, ఆమెకూ నా అంత భయంగానే ఉందని. ఎందుకో తెలియదు గాని దానితో నా వణుకు కాస్త తగ్గింది. సైరన్ మళ్ళీ మోగేదాకా ఆమె అక్కడి నుంచి కదల్లేదు.

మాస్కు తీశాక చెప్పింది: "మీ వాళ్ళ కాలేజీకి ఫోన్ చేయించాను. ఆయన్ని గదికి పంపేశారట. మీ గురించి అడిగి వెళ్ళారట." నా కట్టు సరిచేస్తూ, "మా అమ్మ రోజూ ఫోన్‌లో ఒకటే పోరు, వచ్చేయమని. వెళ్దామనే అనుకున్నాను," అంది. ఎందుకు వెళ్ళలేదో చెప్పలేదు.

రెండు రోజులకు అన్న వచ్చాడు. నా మంచం మీద కూర్చుని, నా కాళ్ళు పట్టుకున్నాడు. జీపులో తీసుకెళ్ళి ఒక గదిలో కూర్చోబెట్టారట. అడిగిందే అడిగారట. కోచ్ వచ్చి సంతకం పెట్టి విడిపించాడట.

"అన్నా, గ్యాస్ అని నువ్వు ఇన్లేదా?"

"ఇన్న."

"మరి?"

"గ్యాసే అనుకున్న తమ్మీ. నేను గూడ సస్త అనుకున్న. షెడ్డుల తలుపేస్కోని కూసుందామని తలుపు గూడ వట్టుకున్న." నా కాళ్ళ మీద దుప్పటి సర్దాడు. "నువ్వు అమ్మా అని ఒర్రుతున్నవ్. గది ఇనుకుంట లోపల కూసునుడు నాతోని గాలే. గంతే. ధైర్యం గీర్యం ఏం లేదు."

కట్లు విప్పేనాటికి యుద్ధం ఆగిపోయింది. కుడికన్ను బాగైంది. ఎడమకంటిలో ఒక మసక మిగిలింది, ఇప్పటికీ ఉంది. బయటికి వస్తే పగలే చీకటిగా ఉంది. నా చూపే పోయిందనుకుని డాక్టరు చెయ్యి పట్టుకున్నాను. "మీ కళ్ళు కాదండీ. కువైట్ నూనె బావులు తగలబడుతున్నాయి. ఆ పొగ," అంది. ఆకాశం నల్లటి దుప్పటి కప్పుకున్నట్టుంది. మైదానానికి వెళ్ళి చూస్తే గడ్డి మీద మసి. చెయ్యి ఆనిస్తే నల్లగా జిడ్డు అంటుకుంది.

గోల్‌కీపర్ నన్ను వెతుక్కుంటూ షెడ్డుకు వచ్చాడు. అతన్నీ కొన్నాళ్ళు సరిహద్దుకు పంపారట. ఇంకా సన్నబడ్డాడు. చేతిలో ఖర్జూరాల డబ్బా ఉంది, అది నాకు ఇవ్వకుండా రెండు చేతులతో పట్టుకునే నిలబడ్డాడు.

"గ్యాస్ అని ముందు అరిచింది నేనే," అన్నాడు తన విరిగిన ఉర్దూలో. "నువ్వు నా పక్కనే పడ్డావు. చచ్చిపోయావనుకున్నాను. పరుగెత్తాను."

"అందరూ పరుగెత్తారు," అన్నాను.

"నేను అందరికంటే దగ్గరున్నాను."

అతను నాకంటే చిన్నవాడు. రేపు ఇంకొంతమందికి ఆజ్ఞలు ఇవ్వాల్సినవాడు. డబ్బా తీసుకుని, మూత తీసి, ఒక పండు అతనికిచ్చి ఒకటి నేను తిన్నాను. అతను తిన్నాడు. కాసేపయ్యాక గోల్ ముందు నేల ఇంకా ఎగుడుదిగుడుగానే ఉందన్నాడు.

ఆగిపోయిన మ్యాచ్ రెండో సగం ఆ తర్వాత ఆడారు. ఈసారి సున్నాన్ని నీళ్ళలో కలిపి, డబ్బాతో పోసి గీయమన్నాడు కోచ్. నేను బకెట్ ముట్టుకోలేకపోయాను. మూత తీసిన వాసనకే వెనక్కి జరిగాను. గీతలన్నీ అన్నే గీశాడు. అవి వంకర పోయాయి, మళ్ళీ గీయమని ఎవరూ అనలేదు. గీసిన కాసేపటికే వాటి మీద మసి పడి బూడిదరంగుకు తిరిగాయి.

పొగలో ఎర్రగా వెలుగుతున్న సూర్యుడి కింద ఆట నడిచింది. మాస్కుల సంచులు లేవు. అయినా కుర్రాళ్ళు టచ్‌లైన్ దగ్గరికి వచ్చినప్పుడల్లా అవి ఉండే చోటు చూసేవారు. ఆట ముగింపుకు వచ్చినా గోల్ పడలేదు. అప్పుడు సైన్యాన్ని వెనక్కి తీసుకెళ్ళే పెద్ద విమానం ఒకటి పొగ కిందుగా, చాలా తక్కువ ఎత్తులో, మైదానం మీదుగా వచ్చింది. ముందుగా చప్పుడు వచ్చింది, ఆ తర్వాత ఆకారం. అన్న నేలమీద బోర్లా పడుకున్నాడు. నేను బెంచీ కిందికి దూరాను. మైదానంలో రెండు జట్లూ, రిఫరీతో సహా, ఉన్నచోటే ఆగిపోయి తలలు పైకెత్తి చూస్తున్నారు. కొందరు మోకాళ్ళ మీద కూర్చున్నారు. అవతలి జట్టు కుర్రాడు అంతకు క్షణం ముందు మెల్లగా తన్నిన బంతి ఒక్కటే కదులుతోంది. మా గోల్‌కీపర్ కూడా ఆకాశం వైపే చూస్తున్నాడు. బంతి అతని బూటు పక్క నుంచి, తొందర లేకుండా, దొర్లుకుంటూ గోల్‌లోకి వెళ్ళింది.

విమానం దాటిపోయింది. రిఫరీ వలలో ఉన్న బంతిని చూశాడు. చాలాసేపు ఆలోచించాడు. ఈల వేశాడు. గోల్ ఇచ్చాడు. మా వాళ్ళు ఒక్కరూ గొడవ చేయలేదు. అవతలి వాళ్ళు సంతోషపడలేదు. బంతి తన్నిన కుర్రాడు మా గోల్‌కీపర్ దగ్గరికి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ గోల్‌తోనే మేం ఓడిపోయాం, ఆ సీజన్ అలా ముగిసింది. కోచ్ తర్వాత నాతో అన్నాడు: "పుస్తకంలో ఓటమి రాసుకున్నాను. తప్పు ఎవరిదని రాయాలో తెలియలేదు, ఆ గడి వదిలేశాను."

ఎండాకాలం రాకముందే అన్న పాస్‌పోర్టు మీద ఎగ్జిట్ ముద్ర పడింది. బావమరిది రాబిగ్ రమ్మన్నాడు, అక్కడ రిఫైనరీలో పని చూస్తానన్నాడు. అన్న వద్దన్నాడు. ఎర్ర సముద్రమైనా సరే, ఇంకో చోటైనా సరే, ఇక ఈ దేశంలో తనకు నిద్ర పట్టదన్నాడు. ఆయన వెళ్ళే పొద్దున బ్యారక్‌లో అందరూ బయటికి వచ్చారు. ఎప్పుడూ ఏడిపించేవాళ్ళే ఆయన పెట్టెలు వ్యానులోకి ఎక్కించారు.

నేను ఎందుకు ఆగిపోయానంటే, అప్పటికి నాకు వేరే దారి కనబడలేదు. చెల్లెలు చదువుకుంటోంది, తమ్ముడికి పని లేదు. ఆ పైన, భయపడినవాడు ఎక్కడున్నా భయపడతాడని అప్పుడు నా నమ్మకం. అది తప్పని చాలా ఏళ్ళకు, ఊరికి వచ్చేశాక తెలిసింది. మా ఇంట్లో కిటికీ తలుపులు తీసి పడుకున్న మొదటి రాత్రి నేను తెల్లవారేదాకా లేవలేదు.

వ్యాను ఎక్కుతూ అన్న నా ఎడమకన్ను పరీక్షగా చూశాడు, రెప్ప కింద బొటనవేలు పెట్టి, ఆ రోజు నీళ్ళు కొట్టినప్పటిలాగే.

"డాక్టరమ్మ దగ్గరికి వోతున్నవా?"

"వోతున్న."

"గాలి లేసిన దినం పని జెయ్యకు. మెడమీద కత్తి వెట్టినా జెయ్యకు. షెడ్డులకు వొయ్యి కూసో. ఎవడన్న నవ్వితే నవ్వనీ."

వ్యాను గేటు దాటి, ఉత్తరం నుంచి వచ్చే ఆ పెద్ద రోడ్డు మీదికి ఎక్కింది. నేను మైదానానికి వచ్చి పైపు విప్పాను. గడ్డి మీది మసి కడుగుతుంటే నల్లటి నీళ్ళు నా కాళ్ళ మీదుగా పారాయి.